ఆ డ్రెస్ కుట్టిందెవరు?

పోయిన శుక్రవారం సాయంత్రం నాగరాజు జిరాక్స్ షాపులో పెద్ద వాదన నడిచింది. ఫోన్లో వారానికొక ఎపిసోడ్ చొప్పున వచ్చే సూపర్ హీరో సీరియల్ ఒకటి ఉంది. తెలుగులో డబ్బింగ్ చేసి వదులుతారు. ఏడాది ఆగిన తరువాత దాని కొత్త భాగం మొదలైంది. పినపాక రోడ్డు మీదున్న మా చిన్న ఊళ్లో ఆ సీరియల్‌కు అభిమాన సంఘం లాంటిది ఉంది. బోర్డు లేదు, అధ్యక్షుడు లేడు. నాగరాజు, పంచాయతీ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేసే తండా అమ్మాయి సరిత, ఇంకో నలుగురైదుగురు. నేను మండల విలేకరిని. వార్తల కాగితాలు స్కాన్ చేయించుకోవడానికి పోయి అక్కడే కూర్చుండిపోయేవాణ్ని.

"ఈసారి డ్రెస్సు చినిగితే బాగుచేసుడు గూడ చూపెట్టిండ్రు, చూసినవా అక్కా?" అన్నాడు నాగరాజు.

"ఏం చూపెట్టిండ్రు? డబ్బాల ఏసిండు, నీలం లైటు ఎలిగింది, అతుక్కున్నది. మనిషే లేడు గక్కడ" అంది సరిత.

"లేకుంటేంది? సైన్సు గది."

"ఏం సైన్సు? దారం ఏ రంగుదో గూడ అడగకుండ కుట్టింది నీ సైన్సు."

"మాస్టర్ ఉంటే ఇయ్యాల నా ఫోన్ పలగ్గొడుతుండె" అని నవ్వబోయి ఆగిపోయాడు నాగరాజు. పక్క దుకాణం షట్టరు దించి ఉంది. అది దించి నాలుగు నెలలైంది.

ఆయన్ను ఊరంతా మాస్టర్ అనే పిలిచేది. బట్టలు కుట్టేవాళ్లను మా వైపు అలాగే పిలుస్తారు. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, పెదాల మధ్య గుండుసూదులు. శుక్రవారం నమాజుకు పోయేటప్పుడు టేపును చుట్టి జేబులో పెట్టుకునేవారు, వచ్చి మళ్లీ మెడలో వేసుకునేవారు. అన్నం తిని మూడింటికల్లా మిషన్ ముందు కూర్చుంటే, ఫోన్‌ను మిషన్ చక్రానికి ఆనించి నాగరాజు కొత్త ఎపిసోడ్ పెట్టేవాడు. మాస్టర్ సూదుల మధ్య నుంచే మాట్లాడేవారు. కోపం వస్తే మాత్రం ఒక్కొక్క సూదీ తీసి చొక్కా చేతికి గుచ్చుకునేవారు. పెదాల మధ్య ఎన్ని సూదులు మిగిలాయో చూసి కోపం ఎంతో చెప్పవచ్చు.

హీరోకి సీరియల్లో పెద్ద పేరే ఉంది. మాస్టర్‌కు మాత్రం వాడు 'పోరడు'. ఆ పోరని శక్తులు ఎక్కడివి, వాని శత్రువు ఎవడు, వాడు ప్రేమించిన పిల్ల ఏమైంది, ఇవేవీ ఆయనకు పట్టేవి కావు.

"ఆపు. జర ఎనుకకు తీస్కపో. ఆఁ, గక్కడ. చెయ్యెత్తిండు సూడు. చంక కింద గుడ్డ ఏడన్న గుంజుతున్నదా?"

"లేదు మాస్టర్."

"లేదు గద? అంటే లోపల జోడు ముక్క ఏసిండు. కుట్టినోడు ఉస్తాద్."

"మాస్టర్, అవతల ఊరు తగలబడుతున్నది. మీరు చంక చూస్తున్రు."

"ఊరిని పోరడు కాపాడుతడు. పోరన్ని ఎవరు కాపాడుతున్రు? గా చంక కుట్టినోడు. అది పట్టేసిందనుకో, మీ పోరడు ఆకాశంల చెయ్యెత్తలేక నీ షాపు మీద పడతడు."

ఇలా నవ్వించే మనిషి ఒకసారి వారం రోజులు ఊరితో తగాదా పెట్టుకున్నారు. ఆ ఎపిసోడ్‌లో హీరో పట్టాలు తప్పిన రైలును భుజంతో ఆపుతాడు. భుజం దగ్గర డ్రెస్సు జానెడు చినుగుతుంది. తరువాతి దృశ్యంలో అదే డ్రెస్సు చిన్న గీత కూడా లేకుండా ఉంటుంది. మాస్టర్ సూదులన్నీ తీసేశారు.

"ఎవరు కుట్టిండ్రు?"

నాగరాజు ఎపిసోడ్ ఆపాడు.

"అడుగుతున్న గద. వాళ్లమ్మ కుట్టిందా? వాడే కుట్టుకున్నడా? దర్జీ తాన ఇచ్చిండా? ఇస్తె ఆ దర్జీ ఏడి? రైలు డ్రైవర్ను చూపెట్టిండ్రు, టీ అమ్మేటోన్ని చూపెట్టిండ్రు, కుక్కను గూడ చూపెట్టిండ్రు. దానంతట అదే అతుక్కున్నదా?"

"సీరియల్ గద మాస్టర్..."

"సీరియల్ రాసినోనికి ఇంట్ల బట్టలు చినుగవా?"

ఆ వారం రవికె కోసం వచ్చిన ఒకావిడతో, "శుక్రవారం రా అమ్మా, అది దానంతట అదే తయారైతదంట, ఫోన్ల చెప్పిండ్రు" అన్నారు. ఆవిడ నావైపు చూసింది. నేను నవ్వాను. అప్పుడు అందరం నవ్వాం. ఆ ప్రశ్న ఆయన సరదాకు అడగలేదని మాలో ఎవరికీ తట్టలేదు.

ఇంకో సంగతి ఆయన్ను మండించేది. ఎపిసోడ్ అయిపోగానే పనిచేసినవాళ్ల పేర్లు కింది నుంచి పైకి పోతుంటాయి. రెండు పేర్లు కదిలేలోపే ఫోన్ ఆ తెరను అగ్గిపెట్టెంత చేసి మూలకు నెట్టి, తరువాతిది చూడమని తొందర పెడుతుంది. "పేర్లు రాంగనే తలుపేస్తరేంది? పెండ్లికి వంట చేసినోళ్లను ఎనుక తొవ్వల పంపినట్టు" అనేవారు. ఆ చిన్న పెట్టె మీద వేలు పెడితే మళ్లీ పెద్దదవుతుందని సరిత ఆయనకు నేర్పింది. అప్పటి నుంచి వారం వారం ఆ పేర్లు వచ్చేసరికి మాస్టర్ మిషన్ ఆపేవారు.

"డ్రెస్సులోళ్లయి చదువు బేటా. కత్తిరించేటోళ్లయి వేరేగ ఏస్తరా?"

"ఏస్తరు చాచా. ఇగో."

ఆమె ఇంగ్లిష్ పేర్లు చదివేది. ఆయన ఒక్కొక్కటీ తిప్పి పలికేవారు, సగం తప్పుగా, పెండ్లిలో కొత్తగా పరిచయమైన చుట్టాల పేర్లు గుర్తు పెట్టుకోవాలని పలుక్కున్నట్టు.

ఆయనకు ఇద్దరు కూతుళ్లు. ఒకరిని వైరాలో, ఒకరిని కల్లూరులో ఇచ్చారు. అల్లుళ్లిద్దరివీ రెడీమేడ్ బట్టల దుకాణాలే. ఆ మాట ఎత్తితే ఒక సూది బయటికి వచ్చేది. తండ్రి దగ్గర ఆయన, తాత దగ్గర తండ్రి నేర్చుకున్న కత్తిరింపు ఆయనతోనే ఆగిపోతుంది. "కుట్టుడు మిషన్ నేర్పుతది సాబ్. కత్తిరించుడు మనిషే నేర్పాలె" అనేవారు. కాబట్టి, మా ఊరికి కొద్ది దూరంలో ఉన్న ఆడపిల్లల గురుకుల పాఠశాలలో తాత్కాలికంగా కుట్టు టీచర్‌ను తీసుకుంటున్నారని తెలిసిన రోజు ఆయన దుకాణం మధ్యాహ్నమే మూసి అక్కడికి పోయారు. తిరిగొచ్చి మా అందరికీ టీ తెప్పించారు. అక్కడ మిషన్లు బాగానే ఉన్నాయట. పొడుగాటి బల్ల ఉందట. నల్లబల్ల కూడా ఉందట. నల్లబల్ల సంగతి రెండుసార్లు చెప్పారు.

"ఉద్యోగం ఇస్తామన్నారా?" అని అడిగాను.

"సర్టిఫికెట్ ఉన్నదా అన్నది మేడం. నా తాన ఏడుంటది? మంచిదే పాపం. ఏదన్న కాగితం తెమ్మన్నది, మీ పని గురించి పేపర్ల గిట్ల పడ్డదా అన్నది. ఫైల్ల పెట్టుకోవాలంట. సోమవారం ఇంటర్వ్యూ."

ఆ సోమవారానికి ముందు శనివారమే ఖమ్మంలో ఒక షాపింగ్ కాంప్లెక్సువాళ్లు ఆ సీరియల్ అభిమానులకు వేషాల పోటీ పెట్టారు. సరిత హీరో వేషం వేస్తానంది. డ్రెస్సు మాస్టర్ కుడతానన్నారు. పదకొండు రోజులు కుట్టారు. ఫోన్ ఆపి ఆపి చూసి, పాత పేపర్ల మీద గీసి, కత్తిరించి, నచ్చక చింపి, మళ్లీ గీశారు. నడుం పట్టీకి సరిత నాయనమ్మ పాత రవికె మీది అద్దాలు విప్పి కుట్టారు. "మీ పోరనికి గివి లేవు గద" అన్నాడు నాగరాజు. "వానికి నాయనమ్మ లేదు. గందుకే గట్లున్నడు" అన్నారు మాస్టర్.

వీపు మీద వేలాడే ఎర్ర గుడ్డను మడత పెట్టనివ్వలేదు. ముడత పడితే ఎగిరే మనిషి కాదు, ఇస్త్రీకి ఇచ్చిన మనిషి అవుతాడని ఆయన వాదన. బస్సులో దాన్ని హ్యాంగర్‌కు తగిలించి, కడ్డీకి వేలాడదీసి, పక్కన నిలబడి పట్టుకున్నారు.

"ఏందయ్యా గిది? గీ రెక్కలాయనకు టికెట్ కొట్టాల్నా?" అన్నాడు కండక్టర్.

"అర టికెట్ కొట్టు భయ్. తలకాయ లేదు గద."

బస్సంతా నవ్వింది. కొత్తగూడెం దాకా సీటు దొరికినా ఆయన కూర్చోలేదు.

పోటీలో వేదిక వెనక, సూదిలో దారం ఎక్కించి పట్టుకుని నిలబడ్డారు. మిగతావాళ్లందరూ ఆన్‌లైన్లో తెప్పించుకున్న డ్రెస్సులే వేసుకొచ్చారు. నడుస్తుంటే ప్లాస్టిక్ చప్పుడు. సరిత వచ్చి రెండు చేతులూ పైకెత్తింది. చంక కింద గుడ్డ కదల్లేదు. ఆ హాల్లో అది చూడాల్సిన చోట చూసింది మాస్టర్ ఒక్కరే. మొదటి బహుమతి సరితకు వచ్చింది.

కప్పు తీసుకుని ఆమె ఫోటోలకు నిలబడినప్పుడు మాస్టర్ నా దగ్గరికొచ్చారు. పెదాల మధ్య ఒక్క సూది కూడా లేదు.

"సాబ్, ఒక్క ముచ్చట. పేపర్ల నా పేరు పడాలె. ఫలానా మాస్టర్ కుట్టిండు, గంతే. ఎక్కువ వద్దు. ఎల్లుండి మేడంకు చూపెట్టాలె."

"పడుతుంది మాస్టర్" అన్నాను.

ఇక్కడ మా వృత్తి గురించి ఒక మాట చెప్పాలి. విలేకరి వార్త పంపుతాడు. పేజీలో చోటు చాలకపోతే డెస్కువాళ్లు కింది నుంచి కోస్తారు. చదివి, ఎంచి, ఏది ముఖ్యమో చూసి కోసే తీరిక ఉండదు. ప్రకటన వస్తే అడుగు పేరా పోతుంది. ఇంకో ప్రకటన వస్తే దాని పైది పోతుంది. ఈ వృత్తిలో చేరిన మొదటి వారంలోనే ఇది ఎవరికైనా తెలిసిపోతుంది. అందుకే ముఖ్యమైనది పైన రాయాలి.

నేను పైన ముఖ్య అతిథి పేరు రాశాను. ఆయన పోటీ అయిపోయాక వచ్చి, సీరియల్ పేరు తప్పు పలికి, ఫోటో దిగి పోయారు. తరువాత నిర్వాహకుల పేర్లు. తరువాత న్యాయనిర్ణేతల పేర్లు. తరువాత విజేత. తరువాత అతిథులతో పాటు వేదిక మీద కూర్చున్న ఇద్దరు స్థానిక నాయకులు, ఒకరి పేరు పోతే రెండో రోజు ఫోన్ చేస్తారు కాబట్టి. చివరి పేరాలో, 'ఈ దుస్తులను కుట్టిన' అని మొదలుపెట్టి మాస్టర్ పేరు రాశాను. ఎవరో చెబితే అలా రాయలేదు. చెయ్యి అలవాటు పడింది. ఫోన్ చేసి గొడవ పెట్టగలవాళ్లను పైన పెట్టడం, పెట్టలేనివాళ్లను కింద పెట్టడం. దీన్ని మేం వార్తాక్రమం అంటాం.

శనివారం సాయంత్రం నగల దుకాణం ప్రకటన ఒకటి వచ్చింది. ఆదివారం పేపర్లో చివరి పేరా లేదు. ముఖ్య అతిథి ఉన్నారు. ఇద్దరు నాయకులూ ఉన్నారు. అంతటితో అయితే సగం తప్పే. ఫోటో కింద వ్యాఖ్య నేను రాసింది కాదు. డెస్కులో ఎవరో వాక్యం పూర్తి కావాలని రాసినట్టున్నారు: 'స్వయంగా రూపొందించుకున్న దుస్తుల్లో విజేత సరిత.'

ఆదివారం పొద్దున నేను దుకాణానికి పోయేసరికి పేపరు కత్తిరింపు బల్ల మీద పరచి ఉంది. మాస్టర్ మెడలోని టేపు తీసి నగల ప్రకటనను కొలుస్తున్నారు. పొడవు కొలిచి, వెడల్పు కొలిచి, అప్పుడు నావైపు చూశారు.

"నాకు అరంగుళం చాలుతుండె సాబ్."

కింది నుంచి కోస్తారని చెప్పాను. చోటు చాలలేదని చెప్పాను. డెస్కు మాట వినదని కూడా చెప్పాను. ఆయన విన్నారు.

"కిందికి మడత వదలరా మీరు? నా తాన కొత్తగ వచ్చిన పోరడు గూడ రెండు వేళ్ల మడత వదులుతుండె."

"వదలరు మాస్టర్. మా దగ్గర అంతే."

"గది మీకు తెల్సా?"

"తెలుసు."

"తెల్సి నన్ను అడుగున పెట్టిండ్రు."

కేక వేయలేదు. సూదులు తీయలేదు, నోట్లో పెట్టుకునే లేదు కాబట్టి. టేపు మళ్లీ మెడలో వేసుకుని పేపరు మడిచి నా చేతికిచ్చారు.

సోమవారం సరిత ఆఫీసుకు సెలవు పెట్టింది. ఆ డ్రెస్సు సంచిలో పెట్టుకుని మాస్టర్‌తో గురుకులానికి పోయింది. ఆ తరువాత జరిగింది ఆమె నాకు ఆ మధ్యాహ్నం జిరాక్స్ షాపులో అందరి ముందూ నిలబడి చెప్పింది. నన్ను కూర్చోమనలేదు.

"మేడం డ్రెస్సు పట్టుకొని తిప్పి తిప్పి చూసింది. శాన బాగుంది అన్నది. చాచా కుట్టిండు మేడం అన్న. ఆమె తానే కోసి ఫైల్ల పెట్టుకున్న మీ పేపర్ ముక్క చూపెట్టింది. 'పేపర్లో నువ్వే చేసుకున్నవని ఉంది గదమ్మా. ఈయన కుట్టినట్టు ఎక్కడుంది? పాపం పెద్దాయన కోసం అబద్ధం ఎందుకు చెప్తున్నవు?' అన్నది. నేను అబద్ధం చెప్తున్ననంట! పంచాయతీల రోజు పొద్దున లేస్తె జనం జనన మరణాలు ఎక్కిస్త నేను, ఒక్క అక్షరం తప్పు పోనియ్య. నన్ను అబద్ధాలకోరును చేసింది మీ పేపర్."

"మాస్టర్ ఏమన్నడు?" అని నాగరాజు అడిగాడు.

"ఏమంటడు? డ్రెస్సును లోపలికి తిప్పి పెట్టిండు బల్ల మీద. 'అమ్మా, లోపల కుట్లు చూడుండ్రి, చెయ్యి తెలుస్తది' అన్నడు. ఆమె చూడలే. చూస్తె ఆమెకేం తెలుస్తది? సర్టిఫికెట్ ఉన్నామెకు ఇచ్చిండ్రు."

నేను డెస్కుకు ఫోన్ చేశాను. సవరణ వేయమన్నాను. "వేషాల పోటీ వార్తకు సవరణా? ఎవరన్నా నోటీసు ఇచ్చిండ్రా?" అని అడిగారు. ఇవ్వలేదన్నాను. "మరి?" అన్నారు. ఆ 'మరి' అన్న మాటకు నా దగ్గర జవాబు లేక కాదు. జవాబు చెబితే వినాల్సిన అవసరం వాళ్లకు లేదు. నోటీసు ఇవ్వగలిగిన మనిషికి తప్పును దిద్దుతారు. ఇవ్వలేని మనిషికి తప్పే జరగలేదు. ఆ మాట వాళ్లను అనే అర్హత కూడా నాకు లేదని తెలిసి ఫోన్ పెట్టేశాను.

ఆ తరువాత కూడా శుక్రవారాలు వచ్చాయి. మాస్టర్ ఎపిసోడ్ చూశారు, చంకలు పరీక్షించారు. నాతో మాట్లాడటం మానలేదు. అదే నాకు కష్టంగా ఉండేది. గొడవ పడి ఉంటే బాగుండేది. సరిత నాతో నెల రోజులు మాట్లాడలేదు.

చివరికి నేను ఆదివారం అనుబంధంలో అరపేజీ మాట్లాడుకున్నాను. మాస్టర్ మీద ప్రత్యేక కథనం. ఫోటోలతో, ఆయన తాతతో మొదలుపెట్టి, సరిత డ్రెస్సు దాకా. పేరు శీర్షికలోనే పెడతామన్నారు. సంతోషంగా దుకాణానికి పోయి చెప్పాను. ఆయన ఏదో లంగా కింది మడత విప్పుతున్నారు, పెరిగిన పిల్లకు పొడవు వదలడానికి. విప్పడం ఆపలేదు.

"ఇప్పుడెందుకు సాబ్?"

"పది మందికి తెలియాలి మాస్టర్, మీ పని గురించి."

"ఊరందరికి తెల్సు. తెల్వంది ఒక్క మేడంకు. ఆమె వేరేటామెను పెట్టుకున్నది." దారం ముక్కలు ఊది, గుడ్డను వెలుతురుకు పట్టి చూశారు. "అప్పుడు రాస్తె నాకు పనికొస్తుండె. ఇప్పుడు రాస్తె మీకు పనికొస్తది. వద్దు."

"పేరు పడాలని మీరే అడిగారు గదా."

"అడిగిన. ఇయ్యాల నేనే వద్దంటున్న. నా పేరు మీ పేపర్ల ఎన్నడు ఎయ్యకుండ్రి."

అరపేజీలో ఇంకేదో వేశారు. ఏం వేశారో నేను చూడలేదు. ఈ ఎండాకాలం మొదట్లో మాస్టర్ పోయారు. రెండు రోజుల జ్వరం, ఖమ్మం దవాఖానా, అంతే. మరణవార్త నేను పంపలేదు. పంపలేదని ఊళ్లో కొందరు తప్పు పట్టారు.

పోయిన శుక్రవారం ఆ నీలం లైటు గొడవ విన్నాక ఇది రాయకుండా ఉండలేకపోయాను. రాసే ముందు ఆయన ఇంటికి పోయాను. మాస్టర్ భార్య గుమ్మంలో కుర్చీ వేయించింది. ఆయన గురించి పుస్తకంలో రాద్దామనుకుంటున్నానని, పేపర్లో కాదని, ఇప్పుడైనా పేరు పెట్టి రాస్తే ఆయనకు దక్కాల్సింది దక్కుతుందని చెప్పాను. ఆమె తలుపు పట్టుకుని నిలబడి వింది.

"పుస్తకమైతే వేరేనా భయ్యా?" అంది.

నేను పెన్నుకు మూత పెట్టి జేబులో వేసుకున్నాను.

"రాయుండ్రి. మంచిగ రాయుండ్రి. ఆయన వద్దన్నదొక్కటి రాయకుండ్రి."